గురువారం బస్సు

“మళ్ళీ చెప్పండి,” అంది గ్లెనిస్, ఊరి హాల్లో జరుగుతున్న మీటింగులో. ఊరి బస్సు రద్దు కాకుండా ఆపడానికి మంత్రికి నలభై ఉత్తరాలు రాసిన మనిషి ఆవిడ.

“గురువారం బల్లరాట్ పట్నం వెళ్ళే బస్సులో మీ ఊళ్ళో ఎక్కింది సున్నా,” అన్నాడు రాష్ట్ర రవాణా శాఖ అధికారి, కాగితం ముందుకు జరుపుతూ. “మూడు నెలలు లెక్కపెట్టాం. ఎవరూ ఎక్కని బస్సు ఎందుకండీ?”

“ఎక్కకపోవడమేంటి? ప్రతి గురువారం నలుగురు ముసలివాళ్ళు అక్కడి ఆసుపత్రికి వెళ్తారు.”

“ఎందులో వెళ్తున్నారు మరి?”

“గ్లెనిస్ కారులో,” అన్నాడు వెనక వరసలోంచి ముసలి మెర్వ్, గర్వంగా. “ఆ బస్సు వారం విడిచి వారం రాకుండా ఎగ్గొట్టడం మొదలెట్టిన దగ్గర్నుంచీ ఆరేళ్ళుగా తనే తిప్పుతోంది. మహాతల్లి.”

హాలంతా చప్పట్లు కొట్టింది. గ్లెనిస్ మాత్రం కాగితం మీది సున్నానే చూస్తూ ఉండిపోయింది. అది కారు తిప్పి తిప్పి తన చేత్తో తనే పెట్టిన సున్నా.

చప్పట్లు ఆగాక మెర్వ్ వైపు తిరిగింది. “ఎల్లుండి కారు తియ్యను, మెర్వ్.”

“అదేంటి, మరి నా కాలిపుండుకి కట్టు?”

“ఏడింటికల్లా బస్టాపుకి రా. నలుగురూ రండి. నేనూ వస్తా.” తర్వాత అధికారి వైపు చూసింది. “లెక్కపెట్టడానికి మీరూ రండి. బస్సు రాకపోతే వీళ్ళని మీ కారులో ఎక్కించుకుందురుగాని.”