సంపాదన లేని భర్త

“సంపాదన లేని భర్త అని రాసేస్తాను కో రాజా. పన్ను తగ్గుతాది,” అంది సుధామణి, భర్త పేరుకి ముందు బర్మా మర్యాదగా ‘కో’ చేర్చి. యాంగోన్‌ పబేడాన్ పేటలో ఆమె మసాలా కొట్లో మధ్యాహ్నం బేరాలు లేవు. పన్ను కాగితాలు ముందేసుకుంది.

“విశాఖ పిల్లలకి ఫోన్లో లెక్కలు చెప్తన్నాను కదా. అది రాయి,” అన్నాడు రాజమోహన్. పెళ్లయి యాంగోన్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు.

“ఆ డబ్బులు అక్కడి బ్యాంకులోనే పడతాయి. ఇక్కడ ఎవరడుగుతారు?”

“అడక్కపోయినా రాయి.”

“తగ్గింపు పోతాది. పైన పన్నొకటి.”

“కడతాను.”

సుధామణి నవ్వింది. “పన్ను కట్టడానికి ఇంత సరదా పడే మనిషిని నేను చూళ్లేదు. రసీదుకి ఫ్రేము కట్టిస్తారేటి?”

రాజమోహన్ నవ్వలేదు. గల్లాపెట్టె వెనక ఖాళీ కుర్చీ వైపు చూశాడు. ఆ కుర్చీలో కూర్చునే ఆమె తండ్రి పొద్దున ఎవరికో నవ్వుతూ చెప్పాడు: “మా అల్లుడా? ఇంట్లోనే ఉంటాడు.”

సుధామణి కూడా ఆ మాట విన్నది. అప్పుడు ఆమెకూ నవ్వొచ్చింది.

ఇప్పుడు కాగితం మీద అతని పాఠాల డబ్బు వేసి, పేరు ముందు ‘సయా’ అని రాసింది. ఆ ఊళ్లో మాస్టారిని అలాగే పిలుస్తారు.

“ఫ్రేము కట్టిద్దాం సయా,” అంది. “మేకు మాత్రం నాన్న కుర్చీకి ఎదురుగా కొట్టండి.”