ఐదు ఆదివారాల స్కోరు

రాజం పేపరును రెండు చేతులా ఎత్తి పట్టుకుంటే, మధ్యలో పడ్డ కంతలోంచి అంబదాస్ ముఖం కనిపించింది.

"మల్ల కోసిండ్రు," అన్నాడు రాజం. "ఇది ఐదో ఆదివారం."

సిరిసిల్ల గ్రంథాలయానికి రాజమే పెద్ద, ఊడ్చేదీ రాజమే. ఒక్క కంత పడితే రెండు పేజీలు పాడైనట్టేనని అతని ఏడుపు. ఇటువైపు టెన్నిసు ఫలితాలు పోయాయి. అటువైపు తప్పిపోయిన ఎడ్ల, మనుషుల ప్రకటనలు పోయాయి గానీ, వాటి కోసం ఎవరు కొట్లాడతారు? కొట్లాడేది అంబదాస్ ఒక్కడే, అదీ టెన్నిసు కోసం.

మరమగ్గాల షెడ్డులో బట్ట నేసేవాడికి టెన్నిసేమిటని నవ్వనివారు లేరు. వెనుక ఆదిలాబాద్ అధికారుల క్లబ్బులో చిరిగిన వల అల్లిపెట్టడానికి పోయి, ఆట చూసి, అక్కడే మనసు పారేసుకున్నాడు. హార్గన్ అనే ఆస్ట్రేలియా ఆటగాడంటే ప్రాణం. హార్గన్ డబ్బుకు ఆడేవాళ్ల జట్టులో చేరాక పెద్ద పోటీల గడప తొక్కనివ్వలేదు. ఆదివారం పేపరులో అతని గురించి రెండు వరుసలు వస్తే గొప్ప. ఆ రెండు వరుసల్లోంచే ఎన్ని సెట్లు గెలిచాడు, ఎన్ని గేములు పోగొట్టుకున్నాడు, తొలి సెట్టు పోయాక ఎన్నిసార్లు తేరుకున్నాడు, అన్నీ తీసి అంబదాస్ బుక్కులో గళ్లు గీసి రాసుకునేవాడు. ఇప్పుడా బుక్కులో ఐదు గళ్లు ఖాళీ.

నిజానికి అది రెండో బుక్కు. మొదటిదాన్ని సొంతూరు ఇచ్చోడలో పెళ్లాం బాలలక్ష్మి పొయ్యిలో పెట్టింది. ఇంట్లో గింజల్లేకుంటే నీకీ గీతలేమిటని అడిగి మరీ పెట్టింది. బాసరలో బిడ్డకు అక్షరాభ్యాసం చేయించి, ముగ్గురూ ఫొటో దిగి వచ్చిన నెలకే ఈ గొడవ. ఆ పూటే అంబదాస్ ఇల్లు విడిచాడు. ఎక్కడున్నదీ చెప్పలేదు, రెండేళ్లుగా ఉత్తరం ముక్క రాయలేదు. అంత రోషం. ఈ సంగతి ఇనాయతుల్లా ఒక్కడికే చెప్పుకున్నాడు.

"ఒక్కసారి రమ్మంటే పోకపోదునా భాయ్? రెండేండ్లాయె. ఎవలన్న దేవులాడిండ్రా, ఎతికిండ్రా నన్ను?"

ఇనాయతుల్లా తలెత్తకుండా కాజాలు కుడుతూ, "చాయ్ తాగు తమ్మీ," అన్నాడు.

ఇనాయతుల్లా బస్టాండు ముందర దర్జీ. ముందూ వెనుకా ఎవరూ లేనివాడు. టెన్నిసు బంతి ఎంతుంటుందో తెలియకపోయినా, ఆదివారం సాయంత్రం అంబదాస్ హార్గన్ కథ చెబుతుంటే మిషను ఆపి కూర్చుని వినేవాడు. ఊళ్లోకి ఆ పేపరు ఒక్కటే వచ్చేది. బస్సువాడు దాన్ని ఇనాయతుల్లా దుకాణంలో పడేసి పోతే, గ్రంథాలయం తెరిచాక అతనే తెచ్చి ఇచ్చేవాడు.

అంబదాస్ కంత అంచును వేలితో తడిమాడు. కత్తెర ఎక్కడా తడబడలేదు. ఆ చెయ్యి ఎవరిదో ఇక ఒకరు చెప్పాలా? నేరుగా దుకాణానికి పోయి అడిగాడు.

ఇనాయతుల్లా దాచలేదు. "నేనే కోసిన," అన్నాడు. "నాకు గూడ గా ఆట పిచ్చి పట్టింది."

"పోయిన వారం హార్గన్ ఆడనే లేదు. భుజం నొప్పని బుధారం పేపర్లనే రాసిండ్రు. గది గూడ కోస్తివి. లేని స్కోరు ఏం జేసుకుంటవ్?"

పోనీ ముక్కలైనా ఇమ్మంటే ఇనాయతుల్లా ఇవ్వలేదు, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"నా పెండ్లాం కాలవెట్టింది, నువ్వు కోసినవ్. ఇద్దరిద్దరే," అని అంబదాస్ మెట్లు దిగాడు.

అప్పటినుంచి రాజమే బస్సు దగ్గరికి పోయి పేపరు తెచ్చుకున్నాడు. మరుసటి ఆదివారం అంబదాస్ భయపడుతూనే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నిండుగా ఉంది. ఇటు హార్గన్, అటు ఎడ్లు. ఆ తర్వాత ఏ వారమూ కంత పడలేదు.

స్కోర్లు దొరికాయి గానీ, చెప్పుకోవడానికి మనిషి లేడు. హార్గన్ వరుసగా ఎనిమిది గెలిచిన వారం అంబదాస్ దుకాణం ముందు నుంచే తల తిప్పుకుని పోయాడు. ఇనాయతుల్లా మిషను ఆపి చూశాడు, పిలవలేదు. ఏడు నెలలు అట్లాగే గడిచాయి.

వానకాలంలో ఇనాయతుల్లా జ్వరమొచ్చి పోయాడు. షెడ్డుకు కబురు అందేసరికి మట్టి కూడా అయిపోయింది. సాయంత్రం రాజం ఒక గుడ్డసంచి తెచ్చి అంబదాస్ చేతిలో పెట్టాడు.

"నీకియ్యమన్నడు. నిన్ను పిలుస్తనంటే వద్దన్నడు. మొఖం చూపెట్టలేనన్నడు."

"ఇంకేమన్నడు?"

"'ఒంటిగాన్ని, గందుకే కోసిన. తమ్మి పోతే ఐతారం నాతోని ఎవలు కూసుంటరు' అన్నడు. జ్వరంల ఏందేందో మాట్లాడిండు పాపం."

సంచిలో ఐదు ముక్కలున్నాయి, ఇస్త్రీ చేసినంత నున్నగా. వాటిని చూడగానే అంబదాస్‌కు ఏడుపు ఆగలేదు. పాడు స్కోరు, పోతే పోయేది, దీనికోసమా మనిషిని వదులుకున్నానని తన్ను తాను తిట్టుకున్నాడు.

చివరికి కళ్లు తుడుచుకుని బుక్కు తెరిచాడు. హార్గన్ నాలుగు ఆడి మూడు గెలిచాడు. నాలుగు గళ్లూ నింపి, ఐదోదానిలో 'ఆడలేదు' అని రాశాడు. ముక్కల్ని కూడా భాయ్ గుర్తుగా బుక్కులోనే అతికించుకుందామనిపించింది. నూలుకు పెట్టే గంజి గిన్నెలో ఇంత మిగిలి ఉంది. అందులో వేలు ముంచి, మొదటి ముక్కను బోర్లా తిప్పాడు.

వెనకవైపు, తప్పిపోయిన ఎడ్ల పక్కన ఫొటోలో, బాసరలో బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తనే ఉన్నాడు.