ఇరవై నాలుగు

"ఇదే తీసుకుందాం!" లమీది షుగర్ చూసే కొత్త మిషన్‌ను చేతిలోంచి వదల్లేదు. "ఇంట్లోది నాలుగు వందల ముప్పై అని ఏడిచింది. ఇది ఇరవై నాలుగే అంటోంది. కెహిందే వాళ్లమ్మా, ఇవాళ పెద్ద గరి ముద్ద వండు!"

ఇంటి నుంచి తెచ్చిన మిషన్ కూడా మందుల షాపు బల్ల మీదే ఉంది. రెండింటికీ పెట్టింది అతని వేలి నెత్తురు చుక్కే. మోరెనికే మాత్రం భర్త కాళ్ల దగ్గర పడి ఉన్న ఖాళీ నీళ్ల ప్యాకెట్లను చూస్తోంది.

"ఆగు బాబా," అంది షాపామె. "ఈ కొత్తది ఘనా సరుకు. అక్కడి కొలత వేరు. రెండూ ఒకే మాట చెబుతున్నాయి."

లమీది పకపకా నవ్వాడు. "నాలుగు వందలూ ఇరవయ్యీ ఒకటెట్టా అవుద్ది తల్లీ? పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ కర్రపెండలం గరి రవ్వ కొలిచి అమ్ముతున్నా. నాకా లెక్కలు చెప్పేది?"

మోరెనికే మెల్లగా అంది. "కెహిందే వాళ్ల నాన్నా, మన బస్తాని చిన్న డబ్బాతో కొలిస్తే వందలొస్తాయి. బకెట్టుతో కొలిస్తే ఇరవయ్యే. అంతమాత్రాన బస్తాలో గరి తగ్గుద్దా?"

లమీది నవ్వు ఆగిపోయింది. డబ్బా అడుగు లోపలికి సొట్ట కొట్టి అమ్మడం బజారంతటికీ నేర్పింది అతనే. మిషన్ బల్ల మీద పెట్టేశాడు. పెదాలు తడుపుకున్నాడు.

"ఇంకో నీళ్ల ప్యాకెట్టియ్యి," అన్నాడు చిన్న గొంతుతో. "పొద్దుటి నుంచీ ఎంత తాగినా దాహం తీరట్లేదే."