బావిలోకే వంచిన నీళ్లు

కృపాదానం బావిలోంచి చేద పైకి లాగుతుండగా తిమ్మక్క వచ్చి దూరంగా నిలబడింది. కింద వీధి మనిషి. చంకలో ఖాళీ కడవ.

“ఒక్క కడవ పొయ్యప్పా. మా ఆయనకు తెల్లారినప్పట్నించీ వాంతులూ బేదులూ. నాలిక ఎండకపోతాండాది.”

యుద్ధం రోజులు. చాలదన్నట్టు రామసముద్రం పక్కనున్న ఆ చిన్న ఊరికి ఆ వేసవిలో కలరా కూడా వచ్చింది. కుంట నీళ్లు తాగొద్దని టీకాల కంపౌండరు దొరస్వామి దండోరా వేయించాడు. మంచినీళ్ల బావి ఊరికంతా ఒక్కటే. అదీ పై వీధిలో. కింద వీధి చేంతాడు అందులో దిగకూడదు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తప్పే ధైర్యమూ ఎవరికీ లేదు.

“నా తాడు దించనులేప్పా. నీ చేదతోనే పైనుంచి పొయ్యి. నీ బావి మైలపడదు.”

కృపాదానం చెడ్డవాడేం కాదు, అదే వచ్చిన చిక్కు. జాలిపడ్డాడు. ఆమె కడవ వైపు చేద వంచబోయాడు కూడా. అంతలో వెనక అరుగు మీద ఎవరో దగ్గారు. ఉత్త దగ్గే. అతని చెయ్యి ఆగిపోయింది.

“మీరు వేరే, మేము వేరే తిమ్మక్కా. ఈ పొద్దు నీకు పోస్తే రేపు మీ వీధంతా వస్తాది” అని, చేదలోని నీళ్లు తిరిగి బావిలోకే వంచేశాడు.

తిమ్మక్క కుంట వైపు నడిచింది.

మర్నాడు పొద్దుగూకకముందే ఆమె మొగుడు బైరప్ప పోయాడు.

ఆ ఏడుపు పై వీధి దాకా వినిపించింది. కృపాదానానికి చెంబు ఎత్తితే చాలు, బావిలో నీళ్లు పడిన ఆ చప్పుడే చెవిలో. తన చేత్తో మనిషిని చంపినట్టే ఉంది.

మదనపల్లె నుంచి దొరస్వామి మళ్లీ టీకాలు వేయడానికి వచ్చినప్పుడు, అడక్కుండానే చెప్పేశాడు.

“నేనే సార్. నీళ్లుండీ పొయ్యలేదు. ఆ పాపం నాదే.”

దొరస్వామి సూది తుడుచుకుంటూ నిట్టూర్చాడు. ఆయన ఆ ఊరికి కొత్త.

“నీ పేరు సూస్తే కృపాదానం. ఆ పోయినాయన బైరప్ప. ఇంకా వేరే సెప్పల్లా? అన్ని కొట్లాటలకూ మతమేనప్పా మూలం. అందరూ ఒకే దేవునికి మొక్కతా ఉంటే, నువ్వా నీళ్లు పొయ్యకుండా ఉందువా?”

కృపాదానం నోరు తెరిచాడు. ఏదో చెప్పాలనుకున్నాడు.

“అంతే సార్” అన్నాడు తల దించుకుని.

తప్పు నీది కాదు, దేవుళ్లదని ఎవరైనా అంటే ప్రాణానికి ఎంత హాయి! ఆ హాయి కలిగినందుకు అతనికి మరింత సిగ్గేసింది.

ఆదివారం చర్చికి వెళ్లాడు. మోకాళ్లూని, క్షమించు ప్రభువా అని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

పాదిరిగారు ద్రాక్షరసం గిన్నెను ఎప్పటిలాగే ముందు కుడివైపు పై వీధి చాప మీదున్న కృపాదానం చేత తాగించి, ఆ తర్వాత అదే గిన్నెను ఎడమవైపు కింద వీధి చాప మీద ఒంటరిగా మోకరించిన తిమ్మక్క పెదవులకు అందించారు.