లిల్లమ్మ జడ

“బండొచ్చీసినాదా, జోగయ్యా?”

“ఇంకా నేదే ముసిలీ! సిగ్నలే పడనేదు. నువ్వలా కూకో.”

గజపతినగరం స్టేషన్లో పొద్దుటినుంచీ దానమ్మది ఇదే ప్రశ్న. మిషను బంగళా వంటవాడు జోగయ్యకి విసుగొస్తోంది. ముసలిదానికి రెండు కళ్ళకీ పొరలు కమ్మేశాయి. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. బంగళాలోనే ఉండవే అంటే వింటుందా? దొరలు సెలవు మీద తమ దేశం వెళ్ళి ఏడాదిన్నర దాటింది. సముద్రాల మధ్య ఏదో కాలువ మూసేశారని ఓడ చుట్టూ తిరిగి రావడంతో ఇంకో నెల ఆలస్యం. పసిగుడ్డుగా చేతికందుకుని ఏడేళ్ళు పెంచిన లిల్లమ్మ వస్తుంటే, ఆయా ఇంట్లో కూర్చుంటుందా?

“నన్ను మర్సిపోయుంటాదంటావా?”

“మరవదా మరి? సిన్న గుంటలకేటి గురుతుంటాది!” అనేసి జోగయ్య నాలిక్కరుచుకున్నాడు.

దానమ్మ భయం కూడా అదే. ఈ ఏడాదిన్నరా ఆమె సగం కలలోనే బతికింది. మధ్యాహ్నం వరండాలో కునుకు పడితే చాలు, ఆకాశంనుంచి బూరుగు దూది రాలుతూ ఉండేది. “మా ఊర్లో మంచు అలాగే రాల్తాదంట ఆయా” అని లిల్లమ్మే చెప్పింది. ఆ దూదిలో లిల్లమ్మ ఊడిన జడతో నడిచి వెళ్ళేది. “జడెయ్యే ముసిలీ!” అనేది. రావే తల్లీ అంటే మాత్రం వెనక్కి తిరిగేది కాదు.

దొరసానిది పుస్తకం తెలుగు. కూతురిది అచ్చంగా దానమ్మ తెలుగు. తలకి నూనె రాసేటప్పుడు రోజూ ఒకటే పరాచికం.

“ఓలమ్మ, నడినెత్తిన రెండు సుళ్ళు! రెండు పెళ్ళిళ్ళే గుంటా నీకు!”

“ఇద్దరు మొగుళ్ళకీ నువ్వే కూడొండాల, ముసిలీ!”

ప్రయాణానికి ముందు లిల్లమ్మ ఒక ఫోటో తెచ్చి ఆయా చేతిలో పెట్టింది. దానమ్మకి అప్పటికే మసక. “మా పిన్ని కూతురు ఆయా. నా ఈడుదే. నాలాగే ఉంటాది. తెలుగు రాదంట, నాను నేర్పీస్తాను” అంది. ఆ పిన్నికి జబ్బుగా ఉందనే, ఎలాగూ రావలసిన సెలవుని కాస్త ముందుకి జరుపుకుని దొరసాని ఆదరాబాదరాగా బయల్దేరింది.

రాయగడ పాసింజరు కూత వేసింది.

ముందు దొర దిగాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తరవాత దొరసాని, ఆమె వేలు పట్టుకుని పిల్ల. జోగయ్య ఏదో అనబోయి, దొరసాని మొహం చూసి నోరు మూసుకున్నాడు. ఈలోగా దానమ్మ చేతులు చాపుకుంటూ వెళ్ళనే వెళ్ళింది.

“నా లిల్లమ్మే! నా తల్లే! ఎంత ఎదిగిపోనావే!”

పిల్ల బిగుసుకుపోయి దొరసాని వైపు చూసింది. దొరసాని పెదవి కొరుక్కుంది. చివరికి తలాడించింది. పిల్ల మెల్లిగా ఆయా మెడ చుట్టూ చెయ్యి వేసింది.

“మీ సెల్లెలుగారికెలాగున్నాదమ్మా?”

“పోయినది, ఆయా.” దొరసాని పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. “పోయిన చలికాలము మాకు మంచిది కాదు.”

“అయ్యో నా తల్లీ!” అంటూ దానమ్మ కళ్ళొత్తుకుంది. “మరి ఈ గుంట పలకదేటమ్మా?”

“ఈమెకు తెలుగు రాదు.”

“మర్సిపోనాదా? పోనీలెండి, నాను నేర్పనా? నానేటి సచ్చిపోనానా?” అని నవ్వేసింది. కానీ దారి పొడవునా బండిలో పిల్ల చెయ్యి వదల్లేదు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి గుర్తుంటే బాగుండునని ముసలిప్రాణం కొట్టుకుంటూనే ఉంది.

బంగళా చేరగానే దానమ్మ కొబ్బరినూనె వెచ్చ చేసింది. వరండా మెట్ల మీద పిల్లని కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. ఎండ మెత్తగా ఉంది. బూరుగుచెట్టు నుంచి నిజంగానే దూది ఎగిరి వస్తోంది. వేళ్ళు ముందు పాపట తీశాయి. చెవుల వెనక్కి వెళ్ళాయి. నడినెత్తికి వచ్చి అక్కడ ఆగాయి. నూనె కారి నుదుటి మీదికి వచ్చింది. పిల్ల కదిలింది. దానమ్మ కొంగుతో తుడిచి, మళ్ళీ మొదలుపెట్టింది.

“జడ. సెప్పు, జడ.”

“జడ.”

“ఆయా.”

“ఆయా.”

దానమ్మ పిల్ల తల గుండెకి అదుముకుని భోరున ఏడ్చింది. పిల్లకి ఏం తోచిందో, చేతిలో బిస్కట్టు విరిచి సగం ఆమె నోటికి అందించింది. తింటూ ఏడ్చింది ముసలిది, ఏడుస్తూ జడ అల్లింది.

గుమ్మంలో దొరసాని ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో!

“ఆయా, నొచ్చుకొనవద్దు. లిల్లీ నిన్ను మరువలేదు. జ్వరములో కూడ నీ మాటయే. జడెయ్యే ముసిలీ, అని.”

“తెలుసమ్మా. రోజూ నా కాడికే ఒచ్చీది.”

“నేను నీకొక సంగతి చెప్పవలెను...” దొరసాని చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కింది.

“ఒద్దమ్మా. మీరు సెప్పనేరు. ఈ గుంటని నాను పెంచుతాను, మీరు ఏడవకండి.”

దానమ్మ జడ కొసన రిబ్బను ముడి వేసింది. పిల్ల నడినెత్తిన అరచెయ్యి ఆనించింది.

“దీనికి ఒక్క సుడే, అమ్మా.”