ఏడవకుండా ఎత్తుకోవడం

ఏ ఇంట్లో పిల్లలు ఉండకూడదో యంత్రమే తేల్చేస్తున్న కాలమది. శిశు సంక్షేమ శాఖలో చేరబోయే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్) విద్యార్థులకు మిగిలిన పని ఒక్కటే: ఆ ఇళ్ల నుంచి పిల్లలను ఏడిపించకుండా తీసుకురావడం. హిమజ రెండేళ్లు బొమ్మలతో సాధన చేసింది. ఈరోజు కరీంనగర్‌లో చివరి పరీక్ష.

తలుపు తీసిన ఎల్లవ్వ చంకలో మూడేళ్ల పాప ఉంది.

“వారంగా మీ ఇంట్లో పొయ్యి వెలగలేదక్కా. పాపను పస్తు పెడుతున్నారని యంత్రం తేల్చింది.”

“నేను హాస్టల్ల వంట చేస్త మేడం. బువ్వ ఆడికెల్లే తెస్త. ఇంట్ల పొయ్యెందుకు ముట్టిస్త? గిన్నె చూడుండ్రి!”

గిన్నెలో పప్పన్నం ఇంకా వెచ్చగానే ఉంది.

“సార్, యంత్రం పొరబడింది,” అని హిమజ ఫోన్‌లో ప్రొఫెసర్‌కు చెప్పింది.

“అది నీ సిలబస్‌లో లేదమ్మా. నువ్వు కాదంటే ఇంకొకరిని పంపిస్తాను. వాళ్లకు నీ అంత నేర్పు లేదు. పాప ఏడుస్తుంది.”

హిమజ ఫోన్ పెట్టేసి, నేర్చుకున్న నవ్వు నవ్వుతూ చేతులు చాచింది. “జీపెక్కుదామా బంగారం?”

పాప ఒక్క దూకు దూకింది. “అమ్మా, టాటా!”

పాప బెదిరిపోతుందని ఎల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

హిమజకు నూటికి నూరు మార్కులు పడ్డాయి. ఆ ఇంట్లో ఎవరి ఏడుపూ వినిపించలేదు కదా.