బొంగరం తల రోబో

“ఆపండి బాబూ. అది నా బొమ్మ.”

వీరేంద్ర ఆట ఆపాడు. ఉక్కునగరం క్వార్టర్లో టీవీ తెరమీద, ఇనుప మరమనుషుల గుంపు మధ్య ఒక చెక్క రోబో నిలబడిపోయింది. ఎర్రటి, పసుపు పట్టీల గుండ్రటి పొట్ట, చెవులకు గాజుల్లాంటి చక్రాలు, తిప్పితే గిర్రున తిరిగే బొంగరం తల.

చలమయ్య లేచి తెర దగ్గరకు వెళ్లి చూశాడు. అనుమానం లేదు. కంచరపాలెంలో తన కొట్లో ఏళ్ల తరబడి అమ్ముడుపోతున్న లక్క బొమ్మే అది. ఆ వీధిలో పిల్లలంతా దాన్ని చలమయ్య రోబో అనే పిలుస్తారు.

ఆ బొమ్మను ఆయన కొట్లో చూసిన గుర్తుతో పిలిపించింది వీరేంద్రే. స్టీలు ప్లాంటులో డ్యూటీ దిగగానే ‘టిన్ హార్బర్’ అనే ఆ విదేశీ వీడియో గేమ్ ముందు కూర్చోవడం అతని అలవాటు. దాని ప్రతి భాగంలోనూ ఎక్కడిదో ఒక రోబో బొమ్మను చుట్టంలా తెచ్చి నిలబెడతారని చెప్పాడు. మొదటి భాగంలో కీ ఇస్తే నడిచే రేకు రోబో, రెండో దాంట్లో ప్లాస్టిక్‌ది. వాటిని చేసినవాళ్ల పేర్లు ఆట చివర గౌరవంగా వేశారు. ఈ మూడో భాగంలో చెక్క రోబోకు మాత్రం ‘ఎవరు చేశారో తెలియదు’ అని వేసి వదిలేశారు.

“తెలీదేటి?” అన్నాడు చలమయ్య. “అడిగితే కదా తెలిసీది.”

ఆ కోపం ఉక్కునగరంలో ఆగలేదు. మర్నాడు కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. పోర్టులో ఓడ దిగిన విదేశీయుడెవడో ఒక బొమ్మ కొనుక్కుపోయి ఉంటాడని టీకొట్టు దగ్గర తేల్చారు. పక్క కొట్టు తాతబాబు కేసు వేద్దామన్నాడు. వీరేంద్ర మాత్రం ముందు అడిగి చూద్దామని, ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, బొమ్మ ఫొటో జతచేసి ఆ కంపెనీకి మెయిలు పెట్టాడు.

చలమయ్య ఇల్లు ఎలమంచిలి దగ్గర పల్లెలో ఉంది. బొమ్మలు తయారయ్యేది అక్కడే. రోజూ బస్తాలో వేసుకుని రైల్లో కంచరపాలెం తెస్తాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా అన్నం సహించలేదు.

“పేరు ఎయ్యకపోతే అంత బాదేటి?” అని అడిగింది భార్య కనకరత్నం.

ఆయన కంచం పక్కకు నెట్టాడు. “ఒకరి సేతిపని అట్టుకెళ్లి నలుగురికీ సూపించుకుని, సేసినోళ్ల పేరు మింగేస్తే ఆడు మనిసేనా?”

కనకరత్నం ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఆ మాట ఇంకోసారి అనమంది. ఆయన ఇంకా గట్టిగా అన్నాడు.

కొన్నాళ్లకు జవాబు వచ్చిందని, ఆదివారం కొట్టుకు వస్తానని వీరేంద్ర కబురు చేశాడు. ఆ ఆదివారం తానూ వస్తానని కనకరత్నం రైలెక్కింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె ఆ కొట్టు చూడటం అదే మొదలు.

వీధి వీధంతా కొట్టు ముందు చేరింది. కంపెనీవాళ్లు క్షమాపణ చెప్పారని, ఇకపై వచ్చే ప్రతి డిస్కులోనూ చేసినవాళ్ల పేరు వేస్తారని వీరేంద్ర చెప్పాడు. తాతబాబు చప్పట్లు కొట్టాడు. చలమయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, ఇంటిపేరుతో సహా వెయ్యాలన్నాడు.

వీరేంద్ర పెన్ను తీశాడు. “చెప్పండి, పేరు ఎలా రాయమంటారు?”

“కనకరత్నం అని రాయండి బాబూ,” అంది ఆమె, కొట్టు లోపలి నుంచి ముందుకు వచ్చి.

ఎవరో నవ్వారు. వీరేంద్ర అయోమయంగా చలమయ్య వైపు తిరిగాడు. ఆయన ఏదో అనబోయాడు. భార్య ముఖం చూశాడు. అంత కోపం ఆమెలో ఎన్నడూ చూడలేదు. తల దించుకున్నాడు.

“అమ్మింది నాను బాబూ, సేసింది తను.”